గుండె లయ తప్పిన రోగికి మొదటి నర్సింగ్ డయాగ్నసిస్ ఏది?

హన్మకొండలో నర్సింగ్ పిల్లలకు మెడికల్ సర్జికల్ పాఠాలు చెబుతుంటాను. క్లినికల్ పోస్టింగ్ అయిపోగానే నా టేబుల్ మీద కేర్ ప్లాన్ ఫైళ్లు, అంటే రోగికి ఉన్న ఇబ్బందులను (వీటినే నర్సింగ్ డయాగ్నసిస్ అంటాం) ముఖ్యమైనది ముందుగా వరుస పెట్టి, నర్సు ఏం చేయాలో రాసినవి, గుట్టగా పడతాయి. వాటిలో ఎట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి వణికే జబ్బు) రోగి గురించి రాసింది ఏది తీసినా మొదటి వరుస నాకు చూడకుండానే తెలుసు: 'డిక్రీజ్డ్ కార్డియాక్ అవుట్‌పుట్', అంటే గుండె తోసే రక్తం తగ్గడం. రెండోది 'యాక్టివిటీ ఇంటాలరెన్స్', పని చేస్తే తట్టుకోలేకపోవడం. మూడోది 'యాంగ్జైటీ', ఆందోళన. అడుగున, పేజీలో జాగా మిగిలితే, 'నాలెడ్జ్ డెఫిసిట్', అంటే జబ్బు గురించీ మందుల గురించీ తెలియకపోవడం. రోగి పెళ్లైన కొత్తలో ఉన్న అమ్మాయా, డెబ్బై దాటిన రైతా, నిన్న రాత్రి అంబులెన్సులో వచ్చాడా, రేపు డిశ్చార్జి అయి పోతున్నాడా అన్నదానితో ఈ వరుసకు సంబంధం లేదు. సీనియర్ల ఫైలు జూనియర్లకు వస్తుంది, పేరూ బెడ్ నంబరూ మారతాయి, అంతే.

పిల్లల్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. ఈ వరుసకు మార్కులు వేసేది మనమే. అసలు గొడవ ఏమిటంటే, గుండె లయ తప్పిన రోగికి డయాగ్నసిస్ ఎంచుకోవడాన్ని ఈసీజీ చూసి చేసే పనిగా మార్చేశాం. ఈసీజీ చూసి చెప్పేది డాక్టరు డయాగ్నసిస్. నర్సు డయాగ్నసిస్ రోగిని చూసి, ముట్టి, అడిగి రాయాల్సింది. అట్లా రాస్తే మన వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే రోగుల్లో చాలామందికి, పరిస్థితి కుదుటపడ్డాక, అడుగున పడేసిన ఆ చివరి డయాగ్నసిసే పైకి రావాల్సి ఉంటుందని నా వాదన.

ముందు, ఆ పైన రాసేదాని సంగతి చూద్దాం. కార్డియాక్ అవుట్‌పుట్ తగ్గిందని రాయాలంటే తగ్గినట్టు ఆధారం కావాలి. ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పై గదులు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతాయి. అది సరైన కొట్టుకోవడం కాదు, ఉత్త వణుకు. అందువల్ల కింది గదుల్లోకి చివర్లో తోసే రక్తం, అంటే మొత్తం నింపుడులో ఐదో వంతో ఇంకాస్త ఎక్కువో, పోతుంది. కింది గదులు వేగంగా కొట్టుకుంటే నిండే టైమే ఉండదు. ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం సన్నబడిన వాళ్లకైతే ఈ టైమే ప్రాణం. ఇదంతా నిజమే. కానీ 'తగ్గే అవకాశం ఉంది' అనడానికీ 'తగ్గింది' అనడానికీ తేడా ఉంది. బీపీ పడిందా, చేతులు చల్లబడ్డాయా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వస్తోందా, ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దం వినిపిస్తోందా, మనిషి మత్తుగా ఉన్నాడా? వీటిలో ఏదీ లేకుండా, మంచం మీద కూర్చుని టిఫిన్ తింటూ బంధువులతో మాట్లాడుతున్న మనిషి ఫైల్లో ఆ మాట రాస్తే అది అబద్ధపు సాక్ష్యం. అప్పుడు రాయాల్సింది 'రిస్క్ ఫర్', అంటే 'ముప్పు ఉంది' అనే డయాగ్నసిస్. దానికి లక్షణాలు రాయరు, ప్రమాద కారణాలు రాస్తారు. ఈ చిన్న తేడా చెప్పలేని నాలుగో సంవత్సరం పిల్లలు ఉన్నారు.

ఆ ఆధారాల్లో నర్సు చేతిలోనే ఉన్నది ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ రాయరు. అది పల్స్ డెఫిసిట్. ఒకరు స్టెతస్కోపు ఎడమవైపు ఐదో పక్కటెముకల సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన గీత దగ్గర పెట్టి గుండె చప్పుడు లెక్కపెట్టాలి. ఇంకొకరు అదే సమయంలో, ఒకే గడియారం చూసుకుంటూ, మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టాలి. పూర్తి నిమిషం. గుండె దగ్గర 132, మణికట్టు దగ్గర 98 వచ్చాయనుకోండి. 34 సార్లు గుండె కొట్టుకుంది కానీ ఆ దెబ్బ చేతిదాకా రాలేదు. కార్డియాక్ అవుట్‌పుట్ గురించి ఇంతకంటే చవకైన సాక్ష్యం వార్డులో దొరకదు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే అలవాటు ఈ రోగి దగ్గర పనికిరాదు, ఎందుకంటే ఏ పదిహేను సెకన్లు తీసుకున్నారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. బటన్ నొక్కితే చెప్పే బీపీ మిషన్ కూడా ఈ లయలో ఒక్కోసారి ఒక్కో మాట చెబుతుంది. చేత్తో రెండు మూడు సార్లు చూడాల్సిందే. 'ఇద్దరు నర్సులు ఒక రోగి దగ్గర నిమిషం నిలబడటానికి మా వార్డులో ఎక్కడ కుదురుతుంది మేడమ్' అని అడిగే స్టాఫ్‌కు నా దగ్గర మంచి జవాబు లేదు. స్టూడెంట్లు ఉన్న వార్డుల్లోనైనా ఆ వంక చెల్లదు.

ఒకే ఈసీజీ ఉన్న ఇద్దర్ని పక్కపక్కన పెట్టి చూడండి. వీళ్లు ఫలానా రోగులని కాదు, ఇక్కడి వార్డుల్లో ఏ నెలలోనైనా కనిపించే తరహా మనుషులు.

ఒకాయనకు అరవై ఎనిమిదేళ్లు, పరకాల వైపు రైతు. పొద్దున్నుంచి గుండె దడ, దమ్ము. మానిటర్ మీద రేటు 150, బీపీ 86/60, నుదుట చల్లటి చెమట, పడుకోబెడితే పడుకోలేకపోతున్నాడు. ఇక్కడ డిక్రీజ్డ్ కార్డియాక్ అవుట్‌పుట్ మొదట రాయడంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. గుండె వేగమూ లయా మారడం కారణం, మిగతావి సాక్ష్యం. 'ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌కు సంబంధించి' అని రాయొద్దని పిల్లలకు చెబుతాను. ఆ జబ్బును నర్సు నయం చేయలేదు. కారణం అన్న గడిలో నర్సు చూడగలిగేది, పట్టించుకోగలిగేది ఉండాలి. తల వైపు ఎత్తడం, లైను పెట్టి ఉంచడం, షాక్ ఇవ్వాల్సి వస్తే డీఫిబ్రిలేటర్ (షాక్ ఇచ్చే మిషన్) మీద, షాక్‌ను గుండె దెబ్బతో జత చేసే సింక్ బటన్ నొక్కి ఉందో లేదో చూడటం, ఇవన్నీ ఆ వరుసలోంచే వస్తాయి. ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని అడిగే తీరిక తరచుగా నర్సుకే దొరుకుతుంది: 'దడ ఎప్పటి నుంచి?' 48 గంటలు దాటిందంటే, లేదా ఎప్పుడు మొదలైందో తెలియదంటే, ఎడమ పై గదిలో గడ్డ కట్టి ఉండొచ్చు. ప్రాణం మీదికి వస్తే తప్ప డాక్టర్లు వెంటనే షాక్ ఇవ్వరు. ముందు మూడు వారాలు రక్తం పలచబడే మందు ఇస్తారు, లేదంటే గొంతులోంచి ఎకో చేసి గడ్డ లేదని చూసుకుంటారు. 'పొద్దున్నుంచి' అన్న పెద్దాయనను 'నిన్న ఎట్లుండె? మొన్న పొలం కాడికి పోయినప్పుడు?' అని అడిగితే జవాబు మారిపోవచ్చు.

పక్క మంచం మీద ఇరవై తొమ్మిదేళ్ల ఆమె. చిన్నప్పుడు గొంతునొప్పులు, కీళ్ల జ్వరం. ఇప్పుడు మైట్రల్ స్టెనోసిస్ (ఆ మైట్రల్ కవాటం సన్నబడటం), దాంతోపాటే ఎట్రియల్ ఫిబ్రిలేషన్. మందులతో రేటు 84కు వచ్చింది, బీపీ బాగుంది, ఆయాసం తగ్గింది. రేపు డిశ్చార్జి. చేతిలో అసిట్రోమ్ (రక్తం పలచబడే మందు), డిగాక్సిన్ (గుండె వేగం తగ్గించేది), లేసిక్స్ (మూత్రం ఎక్కువ పోయించేది), ఇరవై ఒక్క రోజులకోసారి పెనిసిలిన్ ఇంజక్షన్ రాసిన చీటీ. ఈమె ఫైల్లోనూ మొదటి వరుస ఆ రైతు ఫైల్లోదే. నాకు కోపం వచ్చేది ఇక్కడ.

ఈమెకు ప్రమాదం ఎక్కడుంది? లయ తప్పినందుకు కాదు, ఆ లయతో ఇంటికి పోయాక జరగబోయేదానివల్ల. అమెరికాలో గుండె జబ్బుల మీద జరిగిన ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం నుంచి 1978లో వచ్చిన లెక్క ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. మామూలు ఎట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే పక్షవాతం ముప్పు ఐదు రెట్లకు పైగా, రుమాటిక్ (కీళ్ల జ్వరం వల్ల వచ్చే) కవాట జబ్బు కూడా కలిస్తే 17 రెట్లు. పట్నాల్లో వాడే కొత్త రకం మందులు, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే రక్త పరీక్ష అంకె) చూడక్కర్లేనివి, ఈమెకు పనికిరావు. 2022లో వచ్చిన ఇన్విక్టస్ ట్రయల్ రుమాటిక్ రోగుల్లో ఆ కొత్త మందుల్లో ఒకటైన రివరోక్సబాన్‌ను అసిట్రోమ్ లాంటి పాత తరహా మందుతో పోల్చి చూసింది, పాత తరహా మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు తక్కువ. అంటే ఈమె అసిట్రోమ్ మీదే బతకాలి, ఐఎన్ఆర్ 2కూ 3కూ మధ్య ఉండాలి. 2 కంటే దిగితే గడ్డ, 3 దాటుకుంటూ పోతే రక్తస్రావం. దాన్ని ఆ మధ్యలో పట్టి ఉంచేది ఎవరు? కార్డియాలజిస్టు నెలకోసారి ఐదు నిమిషాలు చూస్తాడు. మిగతా రోజులన్నీ ఆమే, ఆమె ఇంటివాళ్లే.

ఆ రోజుల్లో ఏం జరుగుతుందో మనకు తెలియదా? పత్తి ఏరే కాలంలో కూలి పోగొట్టుకుని రక్త పరీక్షకు వరంగల్ రావడం కుదరదు. మోకాళ్లు నొప్పులంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయి నొప్పుల ఇంజక్షన్ వేయించుకుంటారు. డైక్లోఫెనాక్, అసిట్రోమ్ కలిస్తే కడుపులో రక్తం కారొచ్చు. కండలోకి గుచ్చిన చోట గడ్డలా వాచొచ్చు. ఆ పెనిసిలిన్ ఇంజక్షన్ కూడా కండకే కాబట్టి, వేసే ముందు ఐఎన్ఆర్ ఎంతుందో చూడమని, వేశాక ఆ చోట ఎక్కువసేపు అదిమిపట్టమని ఆమెకే నేర్పి పంపాలి. చీటీ మీద 2 మిల్లీగ్రాములని ఉంటే షాపులో 1 మిల్లీగ్రాము గోళీలు ఇస్తారు, 'రెండు వేసుకో' అన్న మాట బస్సు ఎక్కేసరికి మరిచిపోతారు. మేడారం జాతర వచ్చిందంటే ఇల్లంతా నాలుగైదు రోజులు అడవిలో ఉంటుంది, గోళీల సంచి ఇంట్లో దూలానికి వేలాడుతుంది. ఇంట్లో కల్లు తాగే అలవాటుంటే అదీ లెక్కే. ఆకుకూరలు తినొద్దని ఎవరో చెబుతారు, ఆమె రెండు నెలలు పాలకూర, తోటకూర, గోంగూర ముట్టదు. ఐఎన్ఆర్ అమాంతం పెరుగుతుంది. తర్వాత ఇంకెవరో 'రక్తం పడుతుంది, తిను' అంటారు, రోజూ తింటుంది, అది పడిపోతుంది. తినడం మానొద్దు, వారం వారం దాదాపు ఒకే పాళ్లలో తిను అని చెప్పేవాళ్లు కావాలి. ఆ చెప్పేది నర్సే.

ఇంకో మాట, ఇది నేను చూసిన ఏ కేర్ ప్లాన్‌లోనూ రాసి లేదు. ఆమె వయసు ఇరవై తొమ్మిది. నెలసరి వస్తుంది. అసిట్రోమ్ వేసుకుంటూ ఎన్ని రోజులు, ఎంత రక్తం పోతోందో మగ డాక్టర్‌కు చెప్పదు. రక్తం తగ్గి ఆయాసం వస్తే గుండె వల్లే అనుకుంటారు. పిల్లలు కావాలనుకుంటోందా? ఈ మందు గర్భం ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా బిడ్డ ఎముకలకూ ముక్కుకూ హాని చేస్తుంది. సన్నబడిన కవాటంతో గర్భమే ఒక గండం. నెల తప్పిందని తెలిసేనాటికే ఆలస్యం కావచ్చు కాబట్టి ఆ మాట డిశ్చార్జి ముందే రావాలి, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు రావాలి. మంచం చుట్టూ తెర లాగి అడగగలిగింది నర్సు తప్ప ఇంకెవరూ లేరు. ఏ పేరు కింద రాస్తారన్నది నాకు రెండో ప్రశ్న. 'రిస్క్ ఫర్ బ్లీడింగ్' కింద రాయండి, 'ఇనెఫెక్టివ్ హెల్త్ సెల్ఫ్ మేనేజ్‌మెంట్' కింద రాయండి, ముందు అడగండి.

అందుకే ఈమెకు నా వరుస వేరు. మొదట, మందులూ పరీక్షలూ సొంతంగా నడుపుకోవడంలో ఇబ్బంది. దాన్ని ఆనుకునే, రక్తస్రావం ముప్పు. ఆ తర్వాత, మెట్లెక్కితే, బరువెత్తితే వచ్చే ఆయాసం. దీనికి ఇప్పుడు 'డిక్రీజ్డ్ యాక్టివిటీ టాలరెన్స్' అంటున్నారు, నర్సింగ్ డయాగ్నసిస్‌ల పేర్లు ఖరారు చేసే నాండా సంస్థ 2021-23 పుస్తకంలో పేరు మార్చారు. గుండె అవుట్‌పుట్ తగ్గే ముప్పు ఉంది, అది నాలుగోదిగా ఉండనీయండి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. గాలి, శ్వాస, రక్తప్రసరణ (దీన్నే ఏబీసీ అంటాం) ముందు, మనిషి అవసరాలను మెట్లుగా పేర్చిన మాస్లో లెక్కలో శరీరం కింది మెట్టు, చదువు చెప్పడం పై మెట్టు, కాబట్టి నాలెడ్జ్ డెఫిసిట్ ఎప్పుడూ చివర. పరీక్షలో దిద్దేవాళ్లూ ఇదే చూస్తారు. ఆ నియమం తప్పని నేననను. ప్రాణాపాయం కళ్ల ముందున్నప్పుడు అదే నియమం, ఆ రైతు విషయంలో దాన్నే పాటించాం. కానీ ఆ నియమం 'ఈ రోగిని ఇప్పుడు చంపగలిగేది ఏది' అన్న ప్రశ్నకు దారి చూపడానికి పెట్టింది. రేపు ఇంటికి పోయే ఈమెను చంపగలిగేది పక్షవాతం, మెదడులో రక్తస్రావం. రెండూ రక్తప్రసరణ సంగతులే. వాటికి అడ్డుపడేది ఒక గోళీ, ఆ గోళీకి అడ్డుపడేది తెలియకపోవడం, వీలు కాకపోవడం. ఈ దారి వెంట నడిస్తే చదువు చెప్పడం కింది మెట్టుకే చేరుతుంది.

ఇంకో అభ్యంతరం బలమైనది. పక్షవాతం, రక్తపు గడ్డ, లయ తప్పడం, ఇవి నర్సింగ్ డయాగ్నసిస్‌లే కావు కదా, నర్సు ఒక్కతే వాటికి చికిత్స చేయలేదు కదా? నిజమే. నర్సింగ్ పుస్తకాలు రాసిన లిండా కార్పెనిటో 1983లో దీనికో దారి చెప్పింది. నర్సు సొంతంగా చూసుకోగలిగే సమస్యలు వేరు, నర్సు కనిపెట్టి ఉండి డాక్టరుతో కలిసి నడిపే సమస్యలు వేరు. రెండోవాటిని కొలాబొరేటివ్ ప్రాబ్లమ్స్ అంది. నాండా వాళ్ల మొదటి సమావేశం 1973లో సెయింట్ లూయిస్‌లో జరిగిందని పిల్లలు తడుముకోకుండా చెబుతారు కానీ ఈ విభజన మాత్రం గుర్తుండదు. దీన్ని వాడితే కేర్ ప్లాన్ ఎంత తేలికవుతుందో చూడండి. 'రాగల ఉపద్రవం: పక్షవాతం' అని వేరుగా రాసి, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం ప్రతి షిఫ్టులో చూడాలని రాయొచ్చు. అదే మాటలు ఆమె ఇంటివాళ్లకూ నేర్పొచ్చు, ఏ నిమిషంలో మొదలైందో గుర్తుపెట్టుకుని 108కు ఫోన్ చేయమని చెప్పొచ్చు. డయాగ్నసిస్ వరుసలో దాన్ని ఇరికించే తంటా ఉండదు.

'యాంగ్జైటీ' గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే రాయడానికి అన్నిటికంటే తేలికైనదీ, రోగికి అన్నిటికంటే ప్రమాదమైనదీ అదే. గుండె దడదడలాడుతుంటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, అది నిజం. కానీ రాత్రి రెండు గంటలకు ఒక పెద్దామె లేచి కూర్చుని, దుప్పటి లాగేస్తూ, 'నా పానం ఎట్లనో అయితుంది బిడ్డా' అంటే అది భయమని రాసి, 'ఏం కాదు పడుకో అవ్వా' అనేసి పోవడానికి లేదు. ఆక్సిజన్ తగ్గినా, మెదడుకు రక్తం చాలకపోయినా మనిషి మొదట చేసేది ఇదే. నాడి, బీపీ, ఆక్సిజన్, షుగర్, మూత్రం చూసి, అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే ఆ డయాగ్నసిస్ రాసే హక్కు వస్తుంది. డిగాక్సిన్ తీసుకుంటున్న మనిషైతే వాంతి, తిండి సయించకపోవడం, వస్తువుల చుట్టూ పసుపుపచ్చగా కనబడటం కూడా అడగాలి. లేసిక్స్‌తో పొటాషియం పడిపోతే ఆ మందు విషమవుతుంది, లయ ఇంకోలా తప్పుతుంది. గోళీ ఇచ్చే ముందు గుండె మీద స్టెతస్కోపు పెట్టి నిమిషం లెక్కపెట్టడం, 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టర్‌కు చెప్పడం, మొదటి సంవత్సరంలో నేర్చుకున్న పాఠమే.

'ఇదంతా కాగితం పని మేడమ్, పేషెంటుకు ఒరిగేదేముంది' అనే సీనియర్ సిస్టర్లు ఉన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. తనిఖీ వస్తుందంటే ముందు రోజు రాత్రి కూర్చుని పాత తేదీలతో కేర్ ప్లాన్లు నింపించే చోట పనిచేసినవాళ్లు ఇంకేమంటారు? ఆ కాగితంతో పేషెంటుకు ఒరిగేది లేదన్నది నిజమే. అదే సిస్టర్ షిఫ్టు అప్పగించేటప్పుడు వినండి: 'ఏడో బెడ్ ఆమెకు గోళీ సాయంత్రం ఆరుకు, ఆమెకు చదువు రాదు, భర్తకు చెప్పు, చిగుళ్ల నుంచి రక్తం వస్తుందంది, చూడు.' ఇందులో మూడు నర్సింగ్ డయాగ్నసిస్‌లు ఉన్నాయి, వరుస కూడా సరిగ్గా ఉంది. ఫైల్లో రాసినదాంట్లో ఇందులో ఒక్కటీ లేదు. నోటితో ఇంత బాగా చెప్పగలిగినవాళ్లకు పెన్ను పట్టగానే పుస్తకం అడ్డొస్తోంది.

కాబట్టి ఈసారి నా పిల్లలకు ఒక షరతు పెట్టాను. డయాగ్నసిస్ రాసే ముందు రోగి అన్న మాట ఒకటి, వాళ్లు చేత్తో చూసిన అంకె ఒకటి రాయాలి. రెండూ లేని వరుసకు మార్కు లేదు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య వరుస ఎందుకు అట్లా పెట్టారో ఒక వాక్యంలో చెప్పాలి. 'పుస్తకంలో అట్లా ఉంది' అంటే సున్నా. కొందరు గొణిగారు, ఫైనల్ పరీక్షలో బయటి ఎగ్జామినర్ ఒప్పుకోకపోతే ఎట్లా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎగ్జామినర్లుగా పోయేది మనలాంటి టీచర్లే కాబట్టి ఇది చదివే తోటి టీచర్లను అడుగుతున్నాను. వైవాలో ఈసారి 'ఏబీసీ ప్రకారం చెప్పు' అనే బదులు 'ఈమె రేపు ఇంటికి పోతోంది, ఇప్పుడు నీ మొదటి డయాగ్నసిస్ ఏది, ఎందుకు' అని అడిగి, మందుల సంగతి మొదట చెప్పిన అమ్మాయికి మార్కులు కోయకుండా ఉండగలరా?